కారు అమ్ముతోంది మీరేనా?

ఫోన్ మోగితే ఎత్తాను.

“కారు అమ్మకానికి పెట్టింది మీరేనా?”

“నేనే.”

“అంటే, కారు మీదేనా?”

“నాదే.”

“ఓసారి మీవారికి ఇస్తారా అమ్మా? ఇంజిన్ సంగతి కాస్త వివరంగా మాట్లాడాలి.”

“మావారు లేరు.”

“ఎప్పుడొస్తారు?”

“ఇంకా పుట్టలేదు,” అని పెట్టేశాను.

ప్రకటన పెట్టిన దగ్గర్నుంచీ ఇదే గోల. ఒకడు అన్నయ్యని పిలవమంటాడు. ఇంకొకడు నాన్నగారు ఇంట్లో ఉన్నారా అంటాడు. ఒక పెద్దమనిషైతే “డ్రైవర్ దగ్గర్లో ఉంటే ఇవ్వమ్మా” అన్నాడు. రెండు తలుపుల జపాన్ కారు అది, వెనకసీట్లో పిల్లి కూడా కాళ్లు చాపుకోలేదు. దానికి డ్రైవరెక్కడి నుంచి వస్తాడు? ప్రకటనలో నేను స్పష్టంగానే రాశాను. ఇంజిన్ విప్పి మళ్లీ కూర్చింది నేనే, టర్బో మార్చింది నేనే, ఏం అడగాలన్నా నన్నే అడగండి అని. చదవరు. ఫొటోలు చూస్తారు, ఫోన్ చేస్తారు, ఆడగొంతు వినపడగానే తప్పు నంబరు నొక్కామేమోనని కంగారు పడతారు.

నేను పంపులు తయారుచేసే కంపెనీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాను. ఇనుము చెక్కి బతుకుతున్నాను. ఈ కారు నా చేతికి వచ్చినప్పుడు నడిచే స్థితిలో లేదు. ఓడ దిగి, ఎవడో కుర్రకుంక చేతిలో చావుదెబ్బలు తిని, ఇంజిన్ పట్టేసి, ఒక ఖాళీ స్థలంలో వానకి తడుస్తూ పడి ఉంది. స్విచ్ వేస్తే ముందు దీపాలు లోపల్నుంచి పైకి లేచే రకం అది. ఒకటి లేచేది, ఒకటి లేచేది కాదు. కన్ను కొడుతున్నట్టు ఉన్న ఆ ముఖం చూసే కొన్నాను.

కంపెనీలో షిఫ్టు అయ్యాక షెడ్డులో నా రెండో షిఫ్టు మొదలయ్యేది. పిస్టన్లు మార్చాను, బేరింగులు మార్చాను. బజారులో దొరకని బుష్షులు లేత్ మీద నేనే చేసుకున్నాను. ఇంజిన్ బలం పెంచే పెద్ద టర్బో కూర్చోవడానికి కావలసిన ప్లేటు నేనే కోశాను, వెంట్రుక దూరే సందు కూడా లేకుండా నేనే రుద్దాను. గేరు రాడ్డు మీద గుండు ఇత్తడితో చేశాను, నా అరచేతికి సరిపోయేట్టు. నూనె మార్చడంలో ఒక్కసారి కూడా బద్ధకించలేదు. కడుపున పుట్టిన బిడ్డలా చూసుకున్నానని చెప్పను. బిడ్డల్ని చూసుకునేవాళ్లని చూశాను, నేను అంతకన్నా బాగానే చూసుకున్నాను.

అంత బలం ఉన్న ఇంజిన్‌కి తగ్గట్టు గట్టి క్లచ్ కూడా నేనే వేశాను. చివరికి ఆ క్లచ్చే నా కొంప ముంచింది. ఏళ్ల తరబడి మిషన్ ముందు నిలబడి నిలబడి ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, మామూలు కారు నడుపుకోండి గానీ ఇలాంటి క్లచ్ మళ్లీ తొక్కితే నా దగ్గరికి రాకండి అన్నాడు. మెత్తటిది వేసుకోవచ్చు కదే అంది అక్క. వేసుకోవచ్చు. ఆ బలానికి మెత్తటి క్లచ్ నాలుగు రోజుల్లో మాడిపోతుంది. మాడకుండా బలం తగ్గిస్తే, ఇక అది ఆ కారే కాదు.

దానికి తోడు షెడ్డు. ఓనరు పాత షెడ్డు కూలగొట్టి గోదాము కడతాడట, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. నేనుండేది అక్కావాళ్ల మేడమీద గది, కారు పెట్టే చోటు లేదు. అప్పటికి ఎవరూ కొనకపోతే విప్పుడు బాబాయ్ ఉండనే ఉన్నాడు. పాత కార్లు విప్పి ముక్కలు అమ్ముకోవడం అతని వ్యాపారం, అందుకని ఊరంతా అలా పిలుస్తారు. ఇలాంటి కార్లతో వచ్చిన చిక్కేమిటంటే, మొత్తంగా కొనడానికి జనం జంకుతారు, ముక్కలుగా అయితే ఎగబడతారు. ప్రకటన పెట్టిన మర్నాడే వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, “టర్బోకి రేపే మనిషున్నాడమ్మాయ్, గేరుబాక్సుకి ఎల్లుండి,” అన్నాడు. పానా తీసి వెంటపడితే గేటు దాకా పరిగెత్తాడు.

నాకు కావలసింది ఒక్కటే. కారు ఒక్క ముక్కగా ఈ షెడ్డు గడప దాటాలి. ధర కాస్త అటూ ఇటూ అయినా నోరెత్తనని అప్పుడే అనుకున్నాను.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. అక్క మొగుడు. పరుపుల కొట్టు నడుపుతాడు. నేను రెండు జడలు వేసుకునే వయసులో మా ఇంటి అల్లుడయ్యాడు, సైకిలు మీద బడికి దింపేవాడు, అందుకే మా మధ్య మీరూ గీరూ లేవు. మంచివాడే. ఆ మంచితనంతోనే మనుషుల్ని చంపుతాడు.

ఫోన్లు హఠాత్తుగా ఆగిపోయాయి. ఎవరికీ వద్దేమో అని నేను కుమిలిపోతుంటే, బావ భోజనాల దగ్గర చల్లగా చెప్పాడు. “ప్రకటనలో నా నంబరు పెట్టానే. నువ్వు వచ్చినవాడినల్లా కరుస్తున్నావు. బేరం అలా కుదరదు. కొనేవాడికి కావలసింది నమ్మకం.”

“నా కారు గురించి నువ్వేం చెప్తావు బావా? నీకు రేడియేటర్ ఎక్కడుంటుందో తెలుసా?”

“పరుపులో దూది ఎవడు చూశాడు? నేను పాతికేళ్లుగా అమ్మడం లేదూ?” అన్నాడు. “రేపు పొద్దున ఒకాయన వస్తున్నాడు. గడియారాల కొట్టుందట ఆయనకి. నాతో గంటసేపు మాట్లాడాడు. నీలాంటి పిచ్చివాడే. కారు ముక్కలు చెయ్యను, దాచుకుంటాను అన్నాడు.”

దాచుకుంటాను అన్న మాటకి నేను మెత్తబడిపోయాను. బావని నాలుగు తిట్టి, సరే రమ్మనమన్నాను.

పొద్దున నేను కుంటుకుంటూ షెడ్డుకి చేరేసరికి ఇద్దరూ అప్పటికే ఉన్నారు. బావ తెల్లవారకుండానే తాళం పట్టుకెళ్లి కారు బయటికి తీసి తుడిచి పెట్టాడు. గడియారాలాయన చక్కటి చొక్కా వేసుకుని కూడా నేల మీద వెల్లకిలా పడుకుని, టార్చి పట్టుకుని కారు కింద చూస్తున్నాడు. ఆయన కాళ్లు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఎంత వేగం పోతుందని అడిగేవాడు నేల మీద పడుకోడు.

ఆయన లేచి, దులుపుకుని, నన్ను చూసి నమస్కారం పెట్టాడు. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు.

“మా మరదలు. నేను పనిచేస్తుంటే సాయంగా ఉంటుంది.”

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. బావ ఆయన వెనకనుంచి నాకు కన్ను కొడుతున్నాడు, బేరం చెడగొట్టకు అన్నట్టు చేతులు జోడిస్తున్నాడు.

“మీ బావగారి చేతిలో ఏదో ఉందండీ,” అన్నాడు గడియారాలాయన నాతో. “ఆ టర్బో ప్లేటు చూశాను. కొలత పెట్టి గీసినట్టుంది. ఇంత ఓపికున్న మనిషిని ఈ మధ్య చూడలేదు.”

బావ సిగ్గుపడ్డాడు. నిజంగా సిగ్గుపడ్డాడు, ఆ ప్లేటు రుద్దింది తనే అయినట్టు! ఆ ప్లేటు రుద్దినన్నాళ్లూ నాకు గోళ్ల కింద నెత్తురు కారింది. అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాను. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. మాట్లాడితే ఈ మనిషి పోతాడు. పోతే ఇక మిగిలింది విప్పుడు బాబాయే. గడియారాలాయన కారు తలుపు వేసి, ఆ శబ్దం వినడానికి మళ్లీ తెరిచి మళ్లీ వేశాడు. ఇత్తడి గుండు మీద చెయ్యి పెట్టి, “కొంచెం చిన్నదిగా ఉంది, ఎందుకలా చేశారు?” అని బావని అడిగాడు. బావ, “అందంగా ఉంటుందని,” అన్నాడు. ఆ చెయ్యి విరిచెయ్యాలనిపించింది. బావ చెయ్యి, ఆయనది కాదు.

అప్పుడు గడియారాలాయన కారు ముందుకి వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి అలా ఉండిపోయాడు.

“వేడిగా ఉంది,” అన్నాడు. “కింద పడుకున్నప్పుడే అనుమానం వచ్చింది. చల్లగా ఉంచమని ఫోన్లో చెప్పాను కదండీ?”

“మీరు వస్తున్నారని నేనే ఓ అరగంట ఆన్ చేసి ఉంచానండి,” అన్నాడు బావ సంతోషంగా. “వచ్చినవారికి చల్లటి బండి చూపిస్తామా! ఇంజిన్ కూడా మంచి స్ప్రే కొట్టి మెరిపించాను, చూడండి.”

కార్లు తెలియనివాళ్లకి ఇది మర్యాదలాగే కనిపిస్తుంది. కానీ ఇంజిన్ జబ్బులన్నీ అది చల్లగా ఉండి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే బయటపడతాయి. పొగ వస్తే అప్పుడే వస్తుంది, టకటకమంటే అప్పుడే అంటుంది. వేడెక్కాక అన్నీ దాక్కుంటాయి. అందుకని ముందే వేడి చేసి ఉంచాడంటే ఆ అమ్మేవాడు దొంగ. ఇంజిన్‌ని మెరిపించి పెట్టాడంటే ఎక్కడో నూనె కారుతోంది, తుడిచేశాడు. కొనడానికి వచ్చిన ప్రతివాడికీ ఇది తెలుసు. పరుపు దులిపి, మెత్తగా సర్ది, కూర్చోండి అనడం అలవాటైన మా బావకి తప్ప.

గడియారాలాయన చెయ్యి తీసేసి రుమాలుతో తుడుచుకున్నాడు. “ఈ పని చేసిన మనిషి ఇలా వేడి చెయ్యడు,” అన్నాడు నెమ్మదిగా. “ఈ కారు మీరు చెయ్యలేదు.”

బావ నా వైపు చూశాడు. “అదేనండీ, అసలు చేసింది మా మరదలు. ఆవిడే అంతా చేసింది. ఆడవాళ్లు చేశారంటే మీరు... ఏదో కాస్త సులువుగా ఉంటుందని...”

“నేనే చేశాను,” అన్నాను. “ప్రతి బోల్టూ. ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. రేపు పొద్దున రండి, రాత్రంతా చల్లబడ్డాక మీ ముందే స్టార్ట్ చేస్తాను.”

ఆయన నా చేతులు చూశాడు, నా మోకాలి పట్టీ చూశాడు, నవ్వాడు. ఎగతాళిగా కూడా కాదు, జాలిగా. “ముందు ఆయన, ఇప్పుడు మీరు. కాసేపుంటే పక్కింటివాళ్లు చేశారంటారా? నిజం చెప్పండమ్మా, ఎవరి దగ్గర చేయించారు? చెబితే ఇప్పటికైనా ఆలోచిస్తాను.”

“చెప్పాను కదా.”

“సరే, మీరే చేశారనుకుందాం. అప్పుడు నేను ఇంజిన్ మొత్తం విప్పించి చూపించుకోవాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. న్యాయమే కదా?”

“ఇందాక మా బావ చేశాడనుకున్నప్పుడు విప్పించాలనిపించలేదే?”

“అది వేరు,” అన్నాడు.

అదే ఇంజిన్, అవే బోల్టులు. బావ చేస్తే చేతిలో ఏదో ఉంది, నేను చేస్తే విప్పి చూడాలి. ఆ తర్వాత నేను ఏం అన్నానో అన్నీ ఇక్కడ రాయడం బాగుండదు. ఆయన వెళ్లేటప్పుడు మాత్రం గేటు దగ్గర టీ కొట్టులో జనం లేచి నిలబడి చూశారు.

తర్వాత వంతు బావది. “నీ పరుపుల మీద పడుకోవడానికి వచ్చాడనుకున్నావా? చల్లగా ఉంచమని చెప్పినా వేడి చేస్తావా? సాయంగా ఉంటుందా? నేను నీకు సాయంగా ఉంటానా?”

“నీ మంచికేనే!”

“నా మంచి నీకెందుకు? నీ పుణ్యమా అని దొంగదాన్నయ్యాను, అబద్ధాలకోరునయ్యాను. ఇక ఊళ్లో ఉన్న కార్ల పిచ్చివాళ్లందరికీ సాయంత్రానికల్లా పాకుతుంది, ఆ బండి దగ్గరికి పోకండిరా, ముందే వేడి చేస్తారు అని.”

పాకింది కూడా. ఆ తర్వాత ఒక్క ఫోను రాలేదు, నాకూ రాలేదు, బావకీ రాలేదు. ఇంట్లో అక్క నాతో మాట్లాడటం మానేసింది. చివరికి ఉండబట్టలేక అంది, “ఆయన తప్పు చేశాడే, ఒప్పుకుంటున్నాను. నువ్వు ఆ పెద్దమనిషికి కాస్త నచ్చజెప్పి ఉంటే పోయేదా? తగ్గించమన్నాడు, తగ్గించి ఇచ్చేస్తే కారు పదిలంగా ఉండేది. నీకు కావలసింది అదే కదా?” అక్క మాటలో తప్పేమీ లేదు. అందుకే మరింత ఒళ్లు మండింది.

విప్పుడు బాబాయ్ మళ్లీ వచ్చాడు. ఈసారి నేను పానా తియ్యలేదు. నెలాఖరున వస్తానన్నాడు, సరే అన్నాను.

కారు ఎత్తుకుపోవడానికి బాబాయ్ బండి తెస్తానన్న రోజున, ఆ పొద్దున్నే గడియారాలాయన షెడ్డు ముందు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో పళ్ల బుట్ట కూడా ఉంది. నన్ను చూసి, ముఖమంతా నవ్వు చేసుకుని, “క్షమించాలి మేడమ్, పొరపాటు నాదే,” అన్నాడు.

అబద్ధమెందుకు, ఎంతో సంతోషమేసింది.

“మీ ఇంజిన్‌కి కంప్యూటర్ సరిచేసిన ట్యూనింగ్ ఆయన్ని కలిశాను,” అన్నాడు. ఆ ట్యూనింగ్ ఆయన పేరు కార్ల వాళ్లందరికీ తెలుసు. నేను ఇంజిన్ కూర్చి, బండి మీద వేసుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్తే ఒక పూట పనిచేసి పంపించాడు, అంతే. “ఆయన మీ పని చూశాడట. కళ్లు మూసుకుని కొనెయ్యండి, అంత శుభ్రమైన పని ఆవిడే చేసింది అన్నాడు. ఆయన చెప్పాక నాకిక సందేహమేముంటుంది? ఇంజిన్ విప్పించక్కర్లేదు. మీరు అడిగిన ధరకే తీసుకుంటాను, రూపాయి తగ్గించనక్కర్లేదు.”

“బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి,” అన్నాను.

“అక్కర్లేదండీ.”

“చూడండి.”

చూశాడు. చల్లగా ఉంది. తాళం ఆయనకే ఇచ్చి స్టార్ట్ చెయ్యమన్నాను. ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు, టకటక లేదు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. కార్లంటే నిజంగా ప్రాణం ఆ మనిషికి, అది నేను కాదనను. ఈ కారు ఆయన దగ్గర సుఖంగా ఉంటుంది. వానలో తడవదు, కుర్రకుంకల చేతిలో పడదు. ఇంతకన్నా ఏం కావాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నా నోరు ఊరుకోలేదు.

“ఆయన చెబితే నమ్మారు. నేను చెబితే ఎందుకు నమ్మలేదు?”

“మీరు అమ్మేవాళ్లు కదండీ. అమ్మేవాళ్ల మాట ఎవరు నమ్ముతారు?”

“మా బావా అమ్మేవాడే. గంటసేపు నమ్మారు.”

ఆయన ముఖం కాస్త మాడింది. “ఇప్పుడవన్నీ తవ్వుకోవడం దేనికండీ? మనిద్దరికీ కావలసింది కారు బాగుండటమే కదా.”

నిజమే. నోరు మూసుకున్నాను. ఇంజిన్ ఆపించాను. ఇద్దరం లోపల బల్ల దగ్గర కూర్చుని సంతకాలు పెట్టబోతున్నాం. కలం మూత తీసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

“ఒక్క చిన్న మాట. మా కార్ల క్లబ్బులో దీన్ని చూపించేటప్పుడు, ఇంజిన్ ఎవరు చేశారని అడుగుతారు కదా, ట్యూనింగ్ ఆయన పేరు చెప్పుకుంటాను. మీకేం అభ్యంతరం ఉండదు కదా? ఆయన్ని అడిగాను, సరేనన్నాడు. రేపెప్పుడైనా నేను అమ్మాల్సి వచ్చినా ఆ పేరుంటే విలువ. మీరంటే, మీకూ నాకూ తెలుసనుకోండి.”

అడిగాను అన్నాడు. ముందు ఆయన్ని అడిగాడు. నన్ను ఇప్పుడు అడుగుతున్నాడు, అదీ కలం మూత తీశాక. ఆ ట్యూనింగ్ ఆయన సరేనన్నాడు, ఒక పూట పనికి!

బావ అబద్ధానికి కనీసం ఒక సాకుంది, ఆయనకి ఇంజిన్ తెలియదు, మనుషులు తెలుసు. ఈయనకి అన్నీ తెలుసు. ప్లేటు రుద్దడానికి ఎంత ఓపిక కావాలో తెలుసు. ఎవరు రుద్దారో తెలుసు. తెలిసి, పళ్ల బుట్ట ఇచ్చి, పేరు ఒలుచుకుపోతానంటున్నాడు. చిత్రమేమిటంటే నాకు అరవాలనిపించలేదు. చెయ్యి చాపాను.

“తాళం ఇవ్వండి.”

“అదేంటండీ?”

“ట్యూనింగ్ ఆయన చేసిన కారు కావాలంటే ఆయన్నే అడిగి తీసుకోండి. ఇది అది కాదు.”

కారు మధ్యాహ్నం విప్పుడు బాబాయ్‌కి వెళ్తుందంటే ఆయన బతిమాలాడు. ధర పెంచాడు. చివరికి కోపం వచ్చింది ఆయనకి కూడా. “మూర్ఖత్వం కాకపోతే ఏంటమ్మా ఇది? మీ పంతం కోసం ఇంత మంచి కారుని ఆ కసాయివాడికి ఇస్తారా? కారంటే మీకు ప్రేమే ఉంటే అలా చేస్తారా?”

ఆ మాట గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. పంతమే కావచ్చు. కానీ ప్రేమ ఉంటే నోరు మూసుకోవాలని చెప్పేవాళ్లని చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంటే. పళ్ల బుట్ట ఆయన చేతిలో పెట్టి గేటు వేశాను.

మధ్యాహ్నం విప్పుడు బాబాయ్ వచ్చాడు. వెనకాలే బావా అక్కా కూడా వచ్చారు. బావ కారు వైపు చూడలేక షెడ్డు గోడ కేసి తిరిగి నిలబడ్డాడు. ఆయన మీద నాకింకా కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు, అయినా కుర్చీ తెచ్చి వేశాను.

బాబాయ్ సంచి కింద పెట్టి, బానెట్ ఎత్తాడు. వంగి, పక్కనుంచి చూశాడు, టార్చి వేసి వెనకనుంచి చూశాడు. తల గోక్కున్నాడు.

“ఎవరు చేశారమ్మాయ్ ఇది?”

“నేను.”

“అదీ,” అన్నాడు వెంటనే. తల కూడా ఎత్తలేదు, ఇంజిన్ వైపే చూస్తున్నాడు. “మామూలు బండి అయితే నేను చకచకా లాగేస్తాను. ఇది నీ పద్ధతిలో ఉంది. ఎక్కడ చెయ్యి వేస్తే ఏది విరుగుతుందో నీకే తెలియాలి. నువ్వే చెప్పు, ఎక్కడ మొదలుపెట్టమంటావు?”

అంతే. ఎవర్నీ అడగలేదు, నా చేతులు చూడలేదు. నేను అన్నాను, అతను నమ్మాడు. ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది ఈ పాటి దానికే. అది ఈ మనిషి నోట్లోంచి రావాలా? దీన్ని ముక్కలు చెయ్యడానికి వచ్చినవాడి నోట్లోంచి? అరవకుండా దాచుకున్నదంతా అప్పుడు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. సంచి కాలితో తన్నాను. పానాలన్నీ షెడ్డంతా చెల్లాచెదురయ్యాయి. అక్క “అయ్యో అయ్యో” అంటూ వచ్చి నన్ను పట్టుకుంది. బాబాయ్ ఒక్కొక్క పానా ఏరుకుని, గుడ్డతో తుడిచి, బల్ల మీద పేర్చుకున్నాడు. నన్ను తొందరపెట్టలేదు.

కళ్లు తుడుచుకుని, కుంటుకుంటూ వెళ్లి కారుకి ఇటుపక్క నిలబడ్డాను.

“ముందు బ్యాటరీ వైరు తియ్యి బాబాయ్,” అన్నాను. “నల్లది.”